వాసన సరి

4వ తేదీ, సోమవారం

తొమ్మిదేళ్ళయింది. నా బావమరిది నా ఇంట్లో, నా ఎదురుగా కూర్చుని, నా చేత్తో కాచిన టీ సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. పెట్టి నా ముఖంలోకి చూశాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే, "ఏరా, మిగతాది ఎవడు తాగుతాడు?" అని అడిగాను. "వెళ్ళొస్తా బావా" అన్నాడు. అంతే.

మర్నాడు కబురు పెట్టాను. నా టీ పూర్తిగా తాగలేనివాడు నా గడప తొక్కక్కర్లేదని. తొక్కలేదు. పౌరుషం వాడికీ ఉంది. వాళ్ళక్కకి లేదనుకోను గానీ, ఈ విషయంలో ఆవిడ నోరు విప్పదు. ఆ రోజు ఆవిడ తన గ్లాసు అడుగుదాకా తాగింది. నేనూ తాగాను. ఇద్దరు తాగిన టీ మూడోవాడికి ఎందుకు చేదయింది?

ఎందుకో నాకు తెలుసు. అంతకు నెల ముందు మిల్లులో మా మూడో నంబరు మిషను బేరింగ్ కాలి బెల్టు అంటుకుంది. బేరింగ్‌కి నూనె పోసే పని వాడిది. పొయ్యలేదు. ఫోర్‌మన్ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. వాణ్ణి పనిలోంచి తీసేశారు. బావమరిది కదా అని అబద్ధం చెప్పాలా? అదీ వాడి కోపం. కోపముంటే నోటితో తిట్టాలి. టీ మీద చూపించేది ఏం మగతనం?

ఇన్నేళ్ళూ కడుపులోనే పెట్టుకున్నాను. ఇవాళ రాయడానికి కారణం ఉంది. ఇవాళ కోడలు కూడా సగం గ్లాసు వదిలేసింది.

"ఏమ్మా, వదిలేశావు?" అన్నాను.

"ఆలస్యమైంది మామయ్యా, షాపు తెరవాలి" అంది. ఫోటోస్టాట్ షాపులో పని. రోజూ తెరిచే షాపే. రోజూ ఆలస్యమే. రోజూ తాగేది.

గ్లాసు పెట్టిన తీరు మాత్రం అచ్చం వాడు పెట్టినట్టే ఉంది.

ఈ పుస్తకం మిల్లుది. నా ఆఖరి ఏడాది మిషను పుస్తకం. సగం ఖాళీగా మిగిలితే ఫోర్‌మన్ "గుర్తుగా తీసుకుపో" అన్నాడు. గంట గంటకీ ఇందులో రెండు గడులు నింపాలి. వేడి, చప్పుడు. మూడో గడి నేనే స్కేలు పెట్టి గీసుకున్నాను. వాసన. బేరింగ్ వేడెక్కుతుంటే అందరికంటే అరగంట ముందు నాకు తెలిసేది. హాలు అవతలి మూల నుంచి అరిచేవాణ్ణి, ఫలానా నంబరు ఆపండిరా అని. ముక్కు మేస్త్రి అనేవాళ్ళు. నాకు అక్షరాలు వచ్చింది కూడా ఈ గడులు నింపడం కోసమే. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. చేయి లాగుతోంది.

ముందు పేజీలు తిప్పను. తెలిసినవే.

5వ తేదీ, మంగళవారం

అల్లం బొటనవేలంత. యాలకులు ఆరు. లవంగాలు గుప్పెడు. మిరియాలు గుప్పెడు. దాల్చిన చెక్క రెండు ముక్కలు. అన్నీ చిన్న రోట్లో వేసి పొత్రంతో నలిపాను. అదే పాత గిన్నె. అడుగున నల్లమచ్చ ఉంది, ఎంత తోమినా పోదు, అయినా టీ దాంట్లోనే కుదురుతుంది. నీళ్ళు మరిగాక నలిపింది వేశాను, తర్వాత టీ పొడి, తర్వాత పాలు. రెండు పొంగులు రానిచ్చాను.

చెంచాతో కొలవను. కొలిచేవాళ్ళు వేరే ఉంటారు. ముక్కుతోనే నా కొలత.

వేడి సరి. రంగు సరి. వాసన సరి.

కోడలు పూర్తిగా తాగింది. నేను ఎదురుగా నిలబడ్డాను.

6వ తేదీ, బుధవారం

ఈ రోజుల్లో సరుకులో ఏముంది? ఒకప్పుడు నాలుగు లవంగాలు నలిపితే పక్కింటివాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు గుప్పెడు వేసినా గడ్డి నలిపినట్టే. మొన్నటిదాకా నాలుక మీద కొంచెం మంటైనా ఉండేది. అదీ పోతోంది. నేను పెంచుతున్నకొద్దీ అది తగ్గుతోంది.

"ఏమే, లవంగాలు ఎక్కడ తెస్తున్నావు?" అన్నాను ఆవిడతో.

"ఎప్పుడూ తెచ్చే కొట్టేనండీ."

"వాడు మోసం చేస్తున్నాడు."

"చేస్తే చేశాడు. వదిలెయ్యండి."

"వదిలెయ్యడం నా ఒంట్లో లేదు."

"నలభై ఏళ్ళ బట్టి చూస్తున్నా, నాకు తెలీదా" అంది. అని సంచీ తీసుకుని బజారుకి వెళ్ళింది. బుధవారం బజారుకి వెళ్ళడం ఆవిడకి అలవాటు. సంచీలో ఫ్లాస్కు నిండా టీ పోసుకుని వెళ్తుంది. దారిలో దాహమేస్తుందట. టీకి దాహం తీరుతుందా? అయినా నా టీ వెంట తీసుకుపోతుంది కదా అని నేనేమీ అనను.

7వ తేదీ, గురువారం

డబ్బాలో లవంగాలు పొట్లం కట్టుకుని కొట్టుకి వెళ్ళాను. కొట్టువాడు వాటిని అరచేతిలో పోసుకుని అటూ ఇటూ దొర్లించాడు.

"ఇవి నా సరుకు కాదు పెద్దాయనా."

"మరి ఎవడిది? మా పెరట్లో కాశాయా?"

"ఇవి ఒకసారి నీళ్ళలో ఉడికి ఎండినవి. చూడు, తలలు ఊడిపోయాయి. టీ వడకట్టి పారేసినవి ఎవరో ఏరి నీకు అంటగట్టారు."

"ఎవరో కాదు, నువ్వే" అన్నాను.

వెనక నిలబడ్డ టైలరమ్మ పకపకా నవ్వింది. కొట్టువాడికి రోషం వచ్చింది. డబ్బాలోంచి కొత్త లవంగాలు తీసి, తూకంరాయితో బల్ల మీద నలిపి, కాగితంలో ఎత్తి నా ముక్కు కింద పెట్టాడు.

"ఇదీ నా సరుకు. పీల్చి మాట్లాడు."

టైలరమ్మ నాకు రెండడుగుల వెనక ఉంది. ఆవిడకి తుమ్ము వచ్చింది. రెండుసార్లు.

నేను గట్టిగా పీల్చాను. మళ్ళీ పీల్చాను.

"ఇదీ చచ్చిన సరుకే" అన్నాను.

అంతవరకూ నా మీద ఒంటికాలి మీద లేచినవాడు ఉన్నట్టుండి ఊరుకున్నాడు. నా ముఖంలోకి చూశాడు. గొంతు తగ్గించి, "సరే పెద్దాయనా, వేరే రకం తెప్పిస్తాలే. ఎండలో నిలబడకు, లోపలికొచ్చి కూర్చో" అన్నాడు. టైలరమ్మ కూడా నవ్వు ఆపేసి స్టూలు జరిపింది.

వచ్చేటప్పుడు ఆ కొత్త లవంగాలే పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. తగువుకి వెళ్తే మర్యాద చేశారు. ఇదేం బాగాలేదు.

ఆ చూపు ఇంతకు ముందు ఒకసారి చూశాను. ఎక్కడో రాయను.

8వ తేదీ, శుక్రవారం

జలుబు చేసినట్టుంది.

9వ తేదీ, శనివారం

ఏం జరిగిందో వరసగా రాస్తాను. వరసగా రాస్తే ఎవరి తప్పో తెలుస్తుంది.

పొద్దున ఏడింటికి పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. గిన్నె నిండా పెట్టాను, అబ్బాయి కూడా ఇంట్లో ఉన్నాడు కాబట్టి. పొయ్యికి వీపు పెట్టి రోలు ముందు కూర్చున్నాను. కొట్టువాడు ఇచ్చిన కొత్త లవంగాలు, మిరియాలు నలుపుతున్నాను. నా చెవి బాగానే ఉంది. నీళ్ళు మరిగిన చప్పుడు వినపడింది. తర్వాత వినపడలేదు. మంట ఆరిందేమోనని లేచి చూశాను. ఆరింది. నీళ్ళు పొంగి మంట మీద పడ్డాయి. మళ్ళీ వెలిగిద్దామని అగ్గిపెట్టె తీశాను.

కోడలు స్నానాలగదిలోంచి తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చింది. "మామయ్యా!" అని ఒక్క అరుపు. నా చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని కిటికీలోంచి బయటికి విసిరింది. మీట కట్టేసింది. తలుపులన్నీ బార్లా తీసింది.

"ఇల్లంతా గ్యాస్ కంపు కొడుతుంటే మీకు వాసన రాలేదా?"

"వచ్చింది. కట్టేద్దామనే లేచాను."

"అగ్గిపెట్టె పట్టుకునా?"

ఆవిడ వంటింటి గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉంది, నా భార్య. అనవలసిన మనిషి అనకపోతే భయం వేస్తుంది.

వాసన వచ్చింది. వచ్చిందనే అనుకుంటున్నాను. వచ్చింది.

10వ తేదీ, ఆదివారం

అబ్బాయి బేకరీ నుంచి తొందరగా వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. వాడు కుర్చీ లాక్కున్నాడంటే ఏదో ఉందన్నమాట.

"నాన్నా, డాక్టరుకి చూపించేదాకా పొయ్యి ముట్టుకోకు."

"నీకు పాలు కాచి పట్టిన చెయ్యిరా ఇది."

"ఆ చెయ్యి కాలకుండా ఉండాలనే నాన్నా."

కోడలు టీ పెట్టింది. చెంచాతో కొలిచి పెట్టింది. వేడిగా ఉంది. తియ్యగా ఉంది. అంతవరకే తెలిసింది నాకు. మా ఆవిడ కళ్ళు మూసుకుని తాగి, "ఇంకొంచెం ఉందా?" అని అడిగింది.

నా టీకి ఆవిడ ఇంకొంచెం అడిగి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకుంటున్నాను. గుర్తు రావడం లేదు.

12వ తేదీ, మంగళవారం

ముక్కు డాక్టరు ఆడపిల్ల. పాతికేళ్ళుంటాయేమో. "కళ్ళు మూసుకోండి తాతగారూ, సీసాలు పెడతాను, ఏమిటో చెప్పండి" అంది. నేను లోపల నవ్వుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు మిల్లుని ముక్కుతో నడిపినవాడికి సీసాల ఆట.

మొదటిది లవంగం అన్నాను. రెండోది అల్లం అన్నాను. మూడోది యాలకులు. ఎక్కడా తడుముకోలేదు.

నాలుగోది పెట్టింది. ఏదో మోసం ఉందనిపించింది. "ఇందులో ఏమీ లేదు, మంచినీళ్ళు" అన్నాను తెలివిగా. కళ్ళు తెరిస్తే పక్కన మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

"అది కిరసనాయిలు తాతగారూ. ముందు మూడూ మంచినీళ్ళు" అంది డాక్టరమ్మ. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఎప్పటినుంచి ఇలా?"

"నాలుగు రోజులు. జలుబు."

మా ఆవిడ తన గోళ్ళు చూసుకుంటోంది.

డాక్టరమ్మ నా ముక్కులోకి లైటు వేసి చూసింది. "జలుబు లేదు. మిరియం మంట తెలుస్తుంది మీకు, తీపి తెలుస్తుంది, వాసన మాత్రం తెలియదు. ఇది నాలుగు రోజుల్లో పోయేది కాదు. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పోతుంది. పోతున్నట్టు మనిషికి తెలియదు."

"నాకు తెలియకుండా నా ముక్కు పోతుందా?"

"అలాగే పోతుంది తాతగారూ."

"ఎన్నేళ్ళయిందంటావు?"

"మిషన్లు చెప్పలేవు అది. ఇంట్లోవాళ్ళని అడగండి. వాళ్ళకే ముందు తెలుస్తుంది."

తిరిగి వస్తుందా అని అడగలేదు. మా ఆవిడ అడిగింది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాస్తూ ఉండిపోయింది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. "ఇంట్లోవాళ్ళంటే ఎవరే?" అన్నాను. "దిగాల్సిన చోటు వచ్చింది, లేవండి" అంది. రాలేదు. ఇంకా రెండు స్టాపులు ఉన్నాయి.

13వ తేదీ, బుధవారం

జలుబే. మామూలుగా నాకు జలుబు ఎక్కువ రోజులు ఉంటుంది.

ఆవిడ బజారుకి వెళ్ళింది. ఫ్లాస్కు తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళడానికి టీ ఎక్కడిది? కోడలు పెట్టింది ఉంది కదా అంటే, "అది వద్దులెండి" అంది. ఎందుకు వద్దో చెప్పలేదు.

14వ తేదీ, గురువారం

కళ్ళజోడు కనపడక వెతుకుతుంటే బీరువా పైన చేతికి పళ్ళెం తగిలింది. దింపాను. పళ్ళెం మీద పాత గుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద తలలు ఊడిన లవంగాలు, ఉబ్బి ఎండిన మిరియాలు, ఉడికి తెల్లబడ్డ యాలకుల తొక్కలు. వరసగా, ఒకదానికొకటి తగలకుండా ఆరబెట్టి ఉన్నాయి.

కొట్టువాడు నిజమే చెప్పాడు.

పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ కూర తరుగుతోంది. పళ్ళెం చూసి కత్తిపీట పక్కకి పెట్టింది.

"ఇదేమిటి?"

"వడకట్టాక మిగిలినవి."

"కనపడుతూనే ఉంది. పారేసేవి దాచుకోవడం ఏం పిసినారితనం?"

"పిసినారితనం కాదండీ" అంది. "మీరు గుప్పెళ్ళు వేస్తున్నారు. ఆ ఘాటుకి గొంతు దిగదు. కోడలికి కడుపులో మంట. చెప్తే మీ చెయ్యి తగ్గుతుందా? తగ్గదు. అందుకని సరుకు తగ్గించాను. ఉడికినవి మీ డబ్బాలో కలుపుతున్నాను. మీ తృప్తికి గుప్పెడూ పడుతుంది, మా గొంతుకీ దిగుతుంది."

"నేను పెంచుతున్నానని నువ్వు తగ్గిస్తున్నావా?"

"మీరు పెంచినకొద్దీ."

ఒక ఇంట్లో, ఒక డబ్బా మీద, ఇద్దరం యుద్ధం చేస్తున్నాం. నాకు యుద్ధమని కూడా తెలియదు.

"కోడలికి తెలుసా?"

"తెలుసు. చెప్పొద్దని బతిమాలుకున్నాను. సోమవారం నాడు కలపడం మర్చిపోయాను. అందుకే సగం వదిలేసింది పాపం."

"ఎప్పటినుంచి?"

ఆవిడ నా చేతిలోంచి పళ్ళెం తీసుకుని పక్కన పెట్టింది.

"నిన్నే. నా ముక్కు ఎప్పుడు పోయింది?"

"నన్ను అడక్కండి. వాణ్ణి అడగండి."

"ఎవణ్ణి?"

"ఎవడు గ్లాసు సగం తాగి పెట్టాడో వాణ్ణి. నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. తొమ్మిదేళ్ళు ఆపుకున్నాను, ఇప్పుడు తప్పించకండి" అంది. మళ్ళీ కత్తిపీట ముందుకు లాక్కుంది. ఉల్లిపాయ తరుగుతోంది. నా కళ్ళు మండాయి. ఆ ఘాటు మాత్రం ఇంకా బాగానే తెలుస్తోంది.

15వ తేదీ, శుక్రవారం

టీ పెట్టలేదు. పొద్దుటినుంచి ఒకటే ఆలోచన. ఎప్పటినుంచి.

16వ తేదీ, శనివారం

ముందు పేజీలు తిప్పాను.

బెల్టు కాలింది ఆ ఏడాది మే నెలలో. ఫోర్‌మన్ ముందు నేనేం చెప్పానో మాట పొల్లుపోకుండా గుర్తుంది. "నూనె ఉన్న బేరింగ్ నెమ్మదిగా వేడెక్కుతుంది. అరగంట ముందే నాకు వాసన తెలుస్తుంది. నాకు వాసన రాలేదు. అంటే ఉన్నపళంగా పట్టేసింది. చుక్క నూనె లేకపోతేనే అలా పడుతుంది." అదీ నా సాక్ష్యం. నూనె పోశానని వాడు మూడుసార్లు అన్నాడు. ఫోర్‌మన్ వాడి మాట వినలేదు. ముక్కు మేస్త్రికి వాసన రాలేదంటే రాలేదు, ఇంక మాట లేదు.

ఆ రోజు పేజీ చూశాను. పది గంటలు. వేడి సరి, చప్పుడు సరి, వాసన సరి. పదకొండు. వేడి సరి, చప్పుడు సరి, వాసన సరి. పన్నెండు గంటల గడులు ఖాళీ. పదకొండూ ఇరవైకి అంటుకుంది.

వేడి చెయ్యి పెట్టి చూడాలి. నేను పెట్టలేదు. వాసన లేకపోతే వేడి లేనట్టేనని కుర్చీలోంచి లేవకుండా రాసేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలాగే రాశాను, ఏళ్ళ తరబడి సరిపోయింది.

అయినా ఆ రోజుకి నా ముక్కు బాగానే ఉండి ఉండవచ్చు. తర్వాత పోయి ఉండవచ్చు. డాక్టరమ్మ కూడా ఎప్పుడని చెప్పలేదు. అలా అనుకుని ఇంకా వెనక్కి తిప్పాను.

మార్చి నెల. పేజీ పైన నా అక్షరాలే. "హాలుకి రంగు. కిటికీలు తీసి ఉంచాలి." ఆ రోజు గుర్తుంది. గోడలకి నూనె రంగు వేస్తుంటే ఆ కంపుకి మనుషులు ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు. ఇద్దరు బయటికి పోయి వాంతి చేసుకున్నారు. నేను గుడ్డ కట్టుకోలేదు. గుడ్డ లేకుండా రోజంతా మిషను పక్కన నిలబడ్డానని అందరూ మెచ్చుకున్నారు. నేనూ గర్వపడ్డాను.

గడులు చూశాను. ఎనిమిది, వాసన సరి. తొమ్మిది, వాసన సరి. సాయంత్రం అయిదు దాకా. పది గడులు, పదింటిలోనూ వాసన సరి.

మార్చి ముందా, మే ముందా?

17వ తేదీ, ఆదివారం

పుస్తకం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడకి చదువు రాదు. చదివి వినిపించాను. విని తలాడించింది. కొత్త సంగతి విన్నట్టు లేదు ఆవిడ ముఖం.

"ఒట్టు తప్పమనను" అన్నాను. "ఒట్టులో లేనిది చెప్పు. వాడేం చేస్తున్నాడు?"

"గోడౌన్ గేటు దగ్గర కాపలా. మిషను కాల్చినవాడని ఏ మిల్లూ పెట్టుకోలేదు కదా. తొమ్మిదేళ్ళుగా ఆ గేటే."

"నీకెలా తెలుసు?"

"బుధవారం బుధవారం వెళ్తున్నాగా."

ఫ్లాస్కు. నా బుర్రకి ఇప్పటికి వెలిగింది.

"నా టీ పట్టుకెళ్ళి వాడికి పోస్తున్నావా?"

"మీ టీయే."

"సగం తాగుతాడా?"

"ఏం మాటలండీ. చివరి చుక్కదాకా తాగుతాడు. తాగి ఫ్లాస్కు కడిగి ఇస్తాడు. బావ చెయ్యి ఎలా ఉంది, ఎన్ని లవంగాలు వేస్తున్నాడు అని అడుగుతాడు. నేను చెప్తాను. ఉడికినవి కలపమన్న ఉపాయం కూడా వాడిదే."

లేచి పోయి గిన్నె తీశాను. అడుగున నల్లమచ్చ మీద వేలు పెట్టి చూశాను. ఎంత తోమినా పోదని రాశాను ఇందులో. ఆ మచ్చ ఎప్పుడు పడిందని ఇన్నేళ్ళలో ఒకసారి కూడా అడగలేదు.

"వాడు గ్లాసు వదిలేసిన రోజు పాలు మాడాయా?" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. ఒట్టు పెట్టుకున్న మనిషి కళ్ళు ఎలా ఉంటాయో చూశాను. నోటికి ఒట్టు ఉంది, కళ్ళకి లేదు.

మాడిన పాల టీ. ఆవిడ అడుగుదాకా తాగింది.

18వ తేదీ, సోమవారం

ఇది చించి పంపుతాను. బుధవారం ఆవిడ చేతికిస్తాను, ఫ్లాస్కుతో పాటు. కాబట్టి అక్షరాలు గుండ్రంగా రాస్తున్నాను.

ఏరా,

రాస్తున్నది నేనే. ఎవరిచేతా రాయించలేదు. మీ అక్క ఒట్టు తప్పలేదు. పుస్తకం చెప్పింది, గిన్నె చెప్పింది.

దీనితో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి రంగు వేసిన రోజుది, ఒకటి బెల్టు కాలిన రోజుది. నా చేత్తో చించాను. తేదీలు చూసుకో. నీకు చదువు నాకంటే బాగా వచ్చు.

నూనె పోశానని నువ్వు ఫోర్‌మన్ ముందు మూడుసార్లు అన్నావు. నాలుగోసారి ఏమీ అనకుండా నా వైపు చూశావు. నేను గోడ వైపు చూశాను. గోడకి కొత్త రంగు.

నెల తర్వాత మా ఇంటికి వచ్చావు. తిట్టడానికి వచ్చావో, అడగడానికి వచ్చావో. నేను టీ ఇచ్చాను. పాలు మాడిన టీ. నేను లొట్టలేసుకుంటూ తాగుతుంటే నువ్వు గ్లాసు దించి నా ముఖంలోకి చూశావు. అప్పుడే నీకు అంతా తెలిసిపోయింది. నా ముక్కు పోయిందనీ, ఆ రోజు బేరింగ్ అరగంట పాటు కంపు కొడుతూనే ఉందనీ, నేను పక్కనే కూర్చుని వాసన సరి అని రాశాననీ.

మర్నాడే ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి ఒక్క సీసా నా ముక్కు కింద పెట్టించి ఉంటే నీ పని నీకు వచ్చేది. నా పేరు పోయేది. నువ్వు వెళ్ళలేదు. గేటు దగ్గర కూర్చున్నావు. పైగా నా టీ తెప్పించుకుని తాగావు, చచ్చినట్టు, తొమ్మిదేళ్ళు.

జాలిపడ్డావా? నా మీద జాలిపడే హక్కు నీకెవడిచ్చాడు? నీకంటే పన్నెండేళ్ళు పెద్దవాణ్ణి. నీకు నూనె డబ్బా పట్టుకోవడం నేర్పినవాణ్ణి. నువ్వు నోరు తెరిచి ఒక్క మాట అని ఉంటే నేను నిన్ను కొట్టేవాణ్ణి, తర్వాత నమ్మేవాణ్ణి. ఆ ఒక్క మాట అనకుండా నన్ను ఇన్నేళ్ళు గొప్పవాణ్ణి చేసి కూర్చోబెట్టావు. నీ మీద కోపం పెట్టుకుని బతకనిచ్చావు. ఇదేం మర్యాదరా?

నాకు క్షమించమని అడగడం చేతకాదు. ఎప్పుడూ చెయ్యలేదు, ఇప్పుడు నేర్చుకునే వయసు కాదు. చేతనైంది చేస్తాను. 25వ తేదీ సోమవారం పొద్దున ఫోర్‌మన్ ఇంటికి వెళ్తున్నాను. నువ్వు వచ్చినా వెళ్తాను, రాకపోయినా వెళ్తాను. పోశాడు నూనె, కాల్చింది నేను అని చెప్తాను. అందుకు ఈ రెండు కాగితాలు కావాలి. పారెయ్యకు. చించకు. నీ సంగతి నాకు తెలుసు, నన్ను కాపాడాలని చించేస్తావు. చించితే నీ గేటు దగ్గరికే వచ్చి అందరి ముందు అరిచి చెప్తాను.

ఆదివారం 24వ తేదీ సాయంత్రం నాలుగింటికి నీళ్ళు పెడతాను. మీట మీ అక్క తిప్పుతుంది, నలపడం నాది, చాలు అనడం మీ అక్కది. ఇవాళ పొద్దున అలాగే చేశాం. నాలుగో లవంగం దగ్గర చెయ్యి పట్టుకుని ఆపేసింది. కోడలు తాగి ఇంకొంచెం అడిగింది.

నీ గ్లాసు ఆ రోజు పెట్టిన చోటే పెడతాను. బాగుంటే బాగుందను, మాడితే మాడిందను. నా ముఖం చూసి అనకు, గ్లాసు చూసి అను.

కానీ అంతకు ముందు నాకు ఒక్కటి కావాలి. అన్నీ తెలిసి ఆ రోజు "వెళ్ళొస్తా బావా" అని ఎందుకు వెళ్ళిపోయావు? ఎందుకు చెప్పలేదు? మీ అక్క చేత కబురు పెట్టకు, ఫ్లాస్కులో పెట్టి పంపకు. గుమ్మం దాటి లోపలికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, నీ నోటితో చెప్పు.

ఆదివారం. నాలుగు గంటలు. నీళ్ళు మరిగేలోపు.